చేమంతులకి రాత్రి కావాలి

హలో… ఆ, నేనే బావా. చెప్పు, నీ ఫోన్ కోసమే చూస్తున్నా.

ఫొటోలు చూశావా?… గుమ్మం పక్కన, మెట్ల వారగా ఉన్నవే. నీ మేనకోడలు, మన పిచ్చిక నాటిన చేమంతులు. ఇంకేం ఉన్నాయి మా ఇంట్లో?

ఏపుగా ఉన్నాయి కదూ… అదే నా బాధ. ఆకు నిగనిగలాడుతోంది, నడుం ఎత్తు పెరిగాయి, మొగ్గ మాత్రం లేదు. పోయినేడు ఈపాటికి ఆకు కనపడకుండా పూశాయి.

వేశాను. నువ్వు చెప్పిన ఎరువే… మందూ కొట్టాను. పురుగు లేకపోయినా కొట్టాను… నవ్వకు. కరెంటు పని చేసుకునేవాడికి మొక్కల సంగతి ఏం తెలుస్తుంది? పూలతోట పెంచేవాడివి, నువ్వే చెప్పాలి.

…

పూలు నాకు కావాలని కాదు బావా. మీ చెల్లెలి గురించి… తింటోంది. పెడితే తింటుంది. మాటే లేదు. పొద్దున్నే వెళ్ళి ఆ మెట్ల మీద కూర్చుంటుంది. 'పిచ్చిక లేదని వీటికీ తెలిసిపోయిందండీ, అందుకే పూయడం మానేశాయి' అంది మొన్న… ఆ, అచ్చం అలాగే.

ఏమంటాను? వెళ్ళి మళ్ళీ మందు కొట్టాను. తనతో పాటు ఏడ్చేవి ఈ ఇంట్లో అవే అనుకుంటోంది. నేను ఏడవడం తనకి కనపడదుగా. ఎవరింట్లోనో నిచ్చెనెక్కి, ఫ్యాను బిగిస్తూ ఏడుస్తాను. పైకి ఎవరూ చూడరు…

సర్లే, వదిలేయ్ ఆ మాట. మొక్కల సంగతి చెప్పు.

లైటా?… ఉంది, గుమ్మం లైటు. రాత్రంతా వెలుగుతుంది. ఎందుకడుగుతున్నావు?

కాదు, పెద్దదే. నేనే బిగించాను… ఇదివరకు చిన్న బల్బు ఉండేది, గుడ్డిదీపంలా. పిచ్చిక క్లినిక్కులో పని ముగించుకుని వచ్చేదాకా వెలిగేది. స్కూటరు లోపల పెట్టి, లైటు అదే ఆర్పి, 'అమ్మా, వచ్చేశా' అనేది.

లారీ గుద్దాక… అన్నీ అయిపోయాక… 'సందు మొదట్నుంచీ కనపడేలా పెద్దది పెట్టండి' అంది మీ చెల్లెలు. ఎవరికి కనపడాలని నేను అడగలేదు. తెచ్చి పెట్టాను. అప్పట్నుంచీ చీకటి పడగానే వేస్తుంది. ఆర్పేది రావాలి కదా బావా. అది రాదు… కళ్ళు కాయలు కాయడమే మిగిలింది.

…

ఉన్నా. వింటున్నా.

ఆకు రాత్రిని కొలుస్తుందా?… ఊఁ… రాత్రి పొడుగైందని తెలిస్తేనే చిగురుకి కబురు పంపుతుంది, ఇక మొగ్గ తొడుగు అని… ఊఁ. మధ్యలో వెలుగు పడితే ఆ లెక్క చెడుతుంది… అంటే వాటికింకా వేసవే?… ఇంత చలిలోనా!… ఓహో, చలి కాదు. చీకటి.

ఆగు, ఆగు. నీళ్ళ డ్రమ్ము వెనకాల ఒక మొక్కుంది. దానికి మాత్రం మొగ్గలొచ్చాయి… ఆ, డ్రమ్ము అడ్డం. దానిమీద వెలుగు పడదు… అయ్యో. మీ చెల్లెలు దాని పక్కన కూర్చుని ఏమందో తెలుసా? 'పాపం, దీనికింకా ఎవరూ చెప్పినట్టు లేరు' అంది.

…

నువ్వు కూడా ఏడిస్తే ఎలా బావా?

అయితే ఇది నా చేతులారా చేసిందే అన్నమాట… తెలియకే. తెలియక చేసినా చేసిందే కదా.

ఆర్పమంటావా? నువ్వొచ్చి ఆర్పు… కోపం కాదు. మొన్న సాయంత్రం కరెంటు పోతే, సెల్లు లైటు వేసి గేటు దగ్గర చెయ్యెత్తి నిలబడింది. కరెంటు వచ్చేదాకా ఆ చెయ్యి దించలేదు. ఆ మనిషికి లైటు ఆర్పమని ఏ నోటితో చెప్పను?… తవ్వి వేరే చోట పెట్టడమా? ముట్టుకోనిస్తేగా! పిల్ల పెట్టినవి పెట్టినచోటే ఉండాలి.

అసలు చెప్పాలా వద్దా అని చూస్తున్నా. చెప్తే ఏమని చెప్పాలి? 'అవి పిల్ల కోసం ఏడవట్లేదు, నీ లైటు వల్ల పూయట్లేదు' అనాలి. ఉన్న ఆ కాస్త తోడు కూడా నేనే లాగేసుకోవాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

…

కప్పడమా?… మీ తోటలో అలాగే చేస్తారా?… పొద్దుగూకగానే ముదురు రంగు గుడ్డ కప్పి, తెల్లారాక తీసెయ్యాలి. రోజూ… లైటు అలాగే ఉండనిచ్చి?… మొగ్గ రంగు తిరిగేదాకా. ఇంత ఆలస్యంగానైనా వస్తాయంటావా?… పూస్తే పూస్తాయి, అంతేగా. సరే. రేపు బజారుకెళ్ళి నల్లగుడ్డ—

ఒక్క నిమిషం బావా.

నువ్వెప్పుడొచ్చావు?… ఏం లేదు, మీ అన్నయ్య… విన్నావా? మొత్తం?

నేను ఆర్పమనలేదే. ఆర్పను కూడా. నీ తప్పేముంది ఇందులో, బల్బు బిగించింది నేను కదా… ఎక్కడికి? ఇటు చూడు… ఒక్కసారి నా మాట విను…

బావా… వినేసింది. అంతా. పిచ్చిక గదిలోకి వెళ్ళింది… ఏమో, బీరువా తీస్తోంది. పెట్టెయ్యకు, కాసేపు లైనులో ఉండు.

…

వస్తోంది. పిల్ల దుప్పటి పట్టుకొచ్చింది బావా. ముదురు నీలంది, అది రోజూ కప్పుకునేది. వాసన పోతుందని ఇన్నాళ్ళూ ఉతకలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు…

గుమ్మంలోకి వెళ్ళింది. లైటు… వేసింది. ఆ, వేసింది. మెట్లు దిగింది.

కప్పుతోంది. మొక్కల మీద కప్పుతోంది బావా… విరగకుండా మెల్లగా, ఒక్కొక్కదాన్నీ సర్ది. అంచులు లోపలికి దోపుతోంది, పిల్లకి దోపినట్టే. ఏదో అంటోంది వాటితో… 'పడుకోండమ్మా' అంటోంది.

…

మాట్లాడు బావా, ఉన్నావా?… ఇదిగో, దుప్పటి చాల్లేదు. చివరి రెండూ బయటే ఉన్నాయి. ఇటే చూస్తోంది…

పిలుస్తోంది. నన్నే. 'పిచ్చిక నాన్నా' అంటోంది… అది పోయాక ఆ పిలుపు ఇవాళే వింటున్నాను బావా. నా దుప్పటి కూడా తెమ్మంటోంది.

ఆ… వస్తున్నా. వస్తున్నానే!

పెట్టేస్తున్నా బావా.