ఏడాదికొక్క మునక

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో కిటికీ పక్కన ముత్తవ్వ, ఆమె పక్కన కోడలు సంజన. సంజన చూపు ఫోన్ మీద ఉంది. ముత్తవ్వ చూపు కూడా కోడలి ఫోన్ మీదే ఉంది.

“రెగ్యులేటరా? మొన్ననే గదనే గ్యాసుకు కొత్తది బిగించినం?”

“అది పొయ్యిది అత్తమ్మా. ఇది నీళ్లల్ల మునిగినప్పుడు నోట్ల పెట్టుకునేది.”

“నీళ్లల్ల మునిగితే నోరు మూసుకుంటరు గని, నోట్ల పెట్టుకునుడేంది?”

“వీపుకు గాలి బండ కడ్తరు. దాంట్ల గాలి కుక్కి కుక్కి నింపుతరు. అది సక్కగ నోట్లకొస్తే పానం పోతది. ఈ రెగ్యులేటరు దాని జోరు తగ్గిచ్చి, మనం ఎంత పీలిస్తే అంతే ఇస్తది.”

“ఓహో. అండమాన్ల మునుగుతవు గదా, గా పనికా?”

“గా పనికే.”

“ఏడాదికి ఒక్కసారి పోయేదానికి కొనుడా?”

“ఒక్కసారే. అప్పుడప్పుడు రెండు.”

“సంజనా, మనం ఏడాదికి రెండుసార్లు వరి కోస్తం. కోత మిషన్ కొన్నమా? కిరాయికి తెస్తం.”

“కోత మిషన్ నోట్ల పెట్టుకోం గదా అత్తమ్మా.”

“అంటే?”

“ఏం లేదు.”

“ఏం లేదంటే ఏదో ఉన్నది. చెప్పు.”

“పోయినసారి కిరాయిదే తీసుకున్న. పండ్లతోని కరిచి పట్టుకునే రబ్బరుంటది. దాని మీద గాట్లున్నయ్.”

“ఎవలియి?”

“నాకేమెర్క? నాకంటె ముందు మునిగినోళ్లయి.”

“మంది ఎంగిలా!”

“కడిగే ఇచ్చిండ్రు…”

“కడిగితే ఎంగిలి పోతదా? మా అక్క తాగిన గ్లాసుల నేను నీళ్లు తాగ! ఛీ, ఛీ. సొంతం తీసుకో. ఇయ్యాలనే తీసుకో.”

“మెల్లగ అత్తమ్మా, బస్సంత ఇటే చూస్తున్నది.”

“చూడనీ. ఏది తీసుకుంటున్నవ్? ఇటు చూపియ్యి.”

“రెండిట్ల ఒకటి. ఇది మస్తు గట్టిది, గని బరువు. విమానంల చేతిసంచికి ఏడు కిలోలే. ఇది పెడితే ఇగ బట్టలు యాడ పెట్టాలె? ఇదేమో అల్కగుంటది. సంచిల ఓ మూలకు పడుంటది.”

“అల్కగ అంటె డొల్లదేమో. లోతుకు పోయినంక దమ్ము రాకపోతే?”

“బాగ లోతుకు పోయేటోళ్లకు, మంచు నీళ్లల్ల దిగేటోళ్లకు అది సాలదట. నాకు వెచ్చటి నీళ్లు, జెరంత లోతు. సరిపోతదట.”

“అట, అట అంటవేందే? ఆడి బండకు దీని మూతి పడ్తదా? అప్పుడు ప్రైవేటు బండ తెస్తే మన రెగ్యులేటరు పడలే, చూడు. మూడు దినాలు కట్టెలు ఊదిన.”

“అడిగిన. పడ్తదన్నరు.”

“చెడిపోతే?”

“ఏడాదికోసారి విప్పి చూపియ్యాలె. చెన్నైకి పంపాలె.”

“చెన్నైకా! మన మోటర్ల లస్మయ్యకిస్తే పొద్దుమూకెవరకు చేసిస్తడు.”

“మోటరు ఆగితే నారు ఎండుతది అత్తమ్మా. ఇది ఆగితే…”

“ఆగితే?”

“ఆధార్ తీయి, కండక్టర్ వస్తుండు.”

“తీసిన. రెండు ఎల్లారెడ్డి, బిడ్డా. ఆఁ, ఇది ఆగితే?”

“ఆగది.”

“సంజనా.”

“ఆగితే ఇంకోటుంటది. ఇగో, ఈ పసుపుపచ్చది. మన పక్కన దిగిన మనిషి గాలి అయిపోతే వాళ్లకు అందిస్తం. మనది ఆగితే వాళ్లు మనకిస్తరు. ఒక్కలే ఎన్నడు దిగరు.”

“అమ్మయ్య. ఎట్లయిన పక్కకు మా వాడు ఆకాశ్ ఉంటడు గద.”

“ఆఁ… ఉంటడు.”

“ఏందే, గట్ల నానుస్తున్నవ్? ఉంటడా, ఉండడా?”

“ఉంటడు. పైన.”

“పైనంటే?”

“పడవల.”

“పడవల కూసోని ఏం చేస్తడు?”

“నిమ్మకాయ వాసన చూస్తడు. అలలకు కక్కుడు అయితది ఆయనకు.”

“మరి సొరచేపను చెయ్యి దూరంల చూసిన అని ఎల్లారెడ్డంత చెప్పిండు గదనే!”

“చూసిండు. నేను తీసిన వీడియోల.”

“ఓరి వీని నోట్ల మన్నువడ! నేను హన్మవ్వకు, భూదేవికి, పాలు పోసేటాయనకు సుత చెప్పిన. మా వాడు చేపలతోని తిరుగుతడు అని! మరి నీ పక్కకు దిగేదెవరు?”

“ఆడ నేర్పే మేడమ్.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఒక్కదాన్ని మునగనియ్యరని.”

“గట్లనా.”

“కోపమొచ్చిందా?”

“ఉండు జెర. గా లోపల ఏమినపడ్తది?”

“ఏమినపడదు. మన ఊపిరే మనకు బుడబుడ ఇనపడ్తది.”

“ఫోను?”

“పని చెయ్యది.”

“ఎవలన్న పిలిస్తే?”

“పిలిచినా ఇనపడదు.”

“ఎంతసేపు?”

“ముప్పావు గంట.”

“ముప్పావు గంట! పెండ్లిగాక ముందు నిజాంసాగర్ కాల్వల నేను సుత మునిగేదాన్ని. ఊపిరి ఆగినంతసేపే. తల పైకి లేస్తే సాలు, మా అవ్వ కేక.”

“నీకు ఈతొస్తదా? నాకెన్నడు చెప్పలే.”

“ఎవలడిగిండ్రు?”

“నీ ఫోను మోగుతున్నది అత్తమ్మా. ఆయనే.”

“హలో… ఆఁ ఆకాశ్, లింగంపేట దాటినం. నల్ల ప్యాంటా? దండెం మీదనే ఉన్నది. సక్కగ చూడు. చాయ్‌పత్తా? ఎర్ర మూత డబ్బల. అరే, అది కాదు, దాని పక్కది. పక్కది అంటె ఇటు పక్కది… దొరుకుతది తియ్, పెట్టేస్తున్న.”

“ఏమంటుండు?”

“ఏముంది, రోజు అనేదే. సంజనా.”

“ఆఁ.”

“గీ తడవ వానికి టికెట్ తీసినవా?”

“ఇంక తియ్యలే.”

“తియ్యకు.”

“అయ్యో, ఎందుకు అత్తమ్మా?”

“చీర మీద దిగనిస్తరానే?”