నల్లరంగేసిన చక్రాలు

ఘానాలోని కుమాసీలో శనివారం పొద్దున్నే ఒపోకు తన వ్యాన్‌ని మెకానిక్ దగ్గర ఆపాడు. ఆసుపత్రి నుంచి తల్లి శవాన్ని ఊరికి తీసుకెళ్లాలి. వెనక చక్రం చూస్తే ఊగుతోంది.

“చక్రాన్ని పట్టుకునే ఐదు స్టడ్లలో రెండు విరిగాయిరా. నట్ల కింద కూడా రంగేశావా?”

“అమ్మ ఆఖరి ప్రయాణం కదా మాస్టర్, సంతాపానికి అంతా నల్లగా మెరవాలని...”

“ఆ రంగు పొర నలిగిపోబట్టే నట్లు వదులయ్యాయి.”

“మిగతా మూడింటితో వెళ్లిపోతా. ఊరంతా ఎదురుచూస్తోంది.”

“బండిలో ఇంకెవరు?”

“నలుగురు చెల్లెళ్లు.”

మెకానిక్ ఆ చక్రం ఊడదీసి అతని ముందు పెట్టాడు. ఒపోకే కూర్చుని రంగు గీకడం మొదలుపెట్టాడు. మెకానిక్ కొత్త స్టడ్లు దిగ్గొట్టాడు.

“ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించు. యాభై కిలోమీటర్లు పోయాక ఆగి, మళ్లీ బిగించు.”

“శవంతో దారిలో ఆగకూడదంటారు మాస్టర్!”

“మీ అమ్మ నీకోసం దారిలో ఎన్నిసార్లు ఆగలేదురా?”

ఒపోకు పానాని సీటు పక్కనే పెట్టుకున్నాడు.