పైగదికి అందని వైఫై

ఆ చూపేంట్రా రోడెల్? చర్చిలో హుండీ పగలగొట్టినదాన్ని పట్టుకున్నట్టు! ముందు ఆ రూటరు బల్ల మీద పెట్టు. వేడెక్కి ఉంటుంది, చెయ్యి కాల్చుకుంటావు.

నాకేం చూపించక్కర్లేదులే. నీ ఫోన్లో ఆ వైఫై యాప్‌లో ఏముందో కళ్ళజోడు లేకుండానే చెప్తాను. ‘మారిఫె ల్యాప్‌టాప్’ అని ఉంటుంది, పక్కన ఎర్ర గుర్తు ఉంటుంది. ఆపేశారని అర్థం. అంతేనా?

మరి గొంతు తగ్గించు. కోడలు పైన ఉంది. మనింటి పైగది నేల చెక్క పలకలు కదా, పైన పిల్లి నడిచినా కింద తెలుస్తుంది, కింద దగ్గినా పైకి వినిపిస్తుంది.

కూర్చో. నిలబడి నా నెత్తి మీద నుంచి చూడకు. నీకు పేరు పెట్టిన రోజు, ఫాదర్ నీ నెత్తిన నీళ్ళు పోస్తుంటే గుక్కపెట్టి ఏడుస్తున్న నిన్ను ఎత్తుకుని నిలబడింది ఎవరు? మీ అమ్మా? కాదు. నేను. జ్ఞానతల్లిని. ఆ మాత్రం వినే ఓపిక ఉండాలి నీకు.

అవును, నేనే. ఇంకెవరున్నారు ఈ ఇంట్లో? నా కొడుకు రెనాటో ఓడ మీద ఏ సముద్రంలో ఉన్నాడో వాడికే తెలీదు. మనవరాలు బియాకేమో ఇంకా పళ్ళూడుతున్నాయి.

ఆ యాప్ నాకు నేర్పింది కంపెనీ మనిషేరా! వైఫై పెట్టడానికి వచ్చినవాడు. “మీ మనవరాలు అన్నం తినకుండా గేమ్ ఆడుతోందా పెద్దమ్మగారూ? ఇక్కడ నొక్కండి, ఆ పిల్ల ట్యాబ్‌కి మాత్రం ఆగిపోతుంది, మిగతావాళ్ళకి వస్తూనే ఉంటుంది” అన్నాడు. నొక్కాను. బియా మొహం చూడాలి! గేమ్ పోయింది, బుద్ధిగా చేప ముక్క నోట్లో పెట్టుకుంది. ఎంత బాగుందో. అరవక్కర్లేదు, కొట్టక్కర్లేదు.

ఆ జాబితాలోనే, బియా పేరు కింద, మారిఫె పేరు.

లేదు లేదు, వెంటనే చెయ్యలేదు. నన్నంత దుర్మార్గురాలిని చెయ్యకు. చాలాకాలం ఆ పేరు వైపు చూసి ఊరుకున్నాను.

ఆ రోజు వెల్లుల్లి దంచుతున్నాను. వంటింట్లో. నా వంటింట్లో, మా అత్తగారిచ్చిన రోట్లో. అది పైన ల్యాప్‌టాప్‌లో జపానువాళ్ళకి ఇంగ్లీషు చెప్తోంది. దబదబా దిగొచ్చింది. చెవుల మీద ఆ పెద్ద హెడ్‌ఫోను అలాగే ఉంది. నోటి మీద వేలు పెట్టుకుని “ష్ష్” అంది. మాట కూడా కాదురా! వేలు! బియాకి కూడా అలా చూపించదు. నా చేతిలోంచి రోకలి తీసి, గుడ్డ మీద పెట్టి, నవ్వి, పైకెళ్ళిపోయింది. మర్నాటికి వంటింటి గోడకి ఒక కాగితం అంటించి ఉంది. క్లాసు వేళల్లో చప్పుడు చెయ్యొద్దని. కింద పువ్వు బొమ్మ కూడా వేసింది, నేను బాధపడకుండా.

నా ఇల్లురా ఇది. నా మొగుడు పోర్టులో మూటలు మోసి కట్టించాడు.

ఆ సాయంత్రమే రెనాటో ఫోన్ చేశాడు. చెప్పుకుందామనుకున్నాను. వాడేమన్నాడో తెలుసా? “అమ్మా, మారిఫె క్లాసులకి ఇబ్బంది లేకుండా చూసుకో. ఇల్లంతా తను చూసుకుంటుందిలే, నువ్వు విశ్రాంతి తీసుకో.” విశ్రాంతి! పెళ్ళాంతో మాట్లాడి, మాట్లాడి, అలిసిపోయి, మిగిలిన ఊపిరితో నాకు చేసిన ఫోను అది.

మర్నాడు పైన నవ్వుతోంది. ఎవరో ముసలి డాక్టరట, ఒసాకాలో, రోజూ దీని దగ్గరే చదువుతాడట. వాడేదో అన్నాడు, ఇది పకపకా నవ్వుతోంది. ఈ ఇంట్లో అన్నం దగ్గర కూర్చుని ఒక్కనాడు అలా నవ్విన పాపాన పోలేదు. ఫోను తీశాను. నొక్కాను.

నవ్వు సగంలో తెగిపోయిందిరా. కత్తిరించినట్టు.

ఆ తర్వాత “హలో? హలో సార్? నా మాట వినిపిస్తోందా?” అని ఇంగ్లీషులో. పలకల మీద అటూ ఇటూ పరుగు. ల్యాప్‌టాప్ ఎత్తుకుని కిటికీ దగ్గరకి, మంచం మీదకి, తలుపు దగ్గరకి. నేను కింద వెల్లుల్లి దంచుకున్నాను. గట్టిగా. అంత రుచిగా వేపుడు ఎప్పుడూ కుదర్లేదు.

నవ్వొస్తోందా? రాదులే. నీకు కోపం ఎందుకొస్తుందో నాకు తెలుసు. నిన్ను కూడా ఆడించాను కదా, పాపం.

మొదటిసారి వచ్చినప్పుడు నువ్వేమన్నావు? లోపల డ్రైవరనే సాఫ్ట్‌వేరేదో పాతబడిందన్నావు. కొత్తది ఎక్కించావు. వచ్చింది. వస్తుంది మరి, నువ్వు మెట్లెక్కుతుండగానే నేను గుర్తు తీసేశాను! తర్వాత, కరెంటు ఆదా చెయ్యడానికి ల్యాప్‌టాప్ తనంతట తనే వైఫై ఆపేస్తోందన్నావు. ఆ సెట్టింగు మార్చావు. తర్వాత పక్కింటి వైఫై అడ్డొస్తోందన్నావు, ఛానల్ మార్చావు. రూటరు బాల ఏసు బొమ్మ వెనకాల ఉండకూడదని ఫ్రిజ్ నెత్తికెక్కించావు. మైక్రోవేవ్ వల్లే అన్నావు, మారిఫె పాపం నెల్లాళ్ళు దాన్ని ముట్టుకోలేదు. ఆఖరికి వైఫై పట్టుకునే వేలెడంత పుల్ల ఒకటి తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన గుచ్చావు. దానికి కొత్త పేరొచ్చింది నా ఫోన్లో. నాకేం కష్టం? దాన్నీ నొక్కాను.

నువ్వు మెట్ల మీద మోకాళ్ళతో పాకుతూ, గోడ పొడుగునా ఫోను పెట్టి, ఇక్కడ సిగ్నల్ ఉంది, ఇక్కడ ఉంది, ఇక్కడా ఉంది అంటుంటే, నేను నీకు బిస్కోచో, ఆ కాల్చిన తీపి రొట్టె, తెచ్చి పెట్టాను. గుర్తుందా? “పాపం పిల్లాడు ఎంత కష్టపడుతున్నాడో” అన్నాను. నాకు కడుపులో నవ్వు ఆగలేదు.

ఊరికే ఆపేస్తే అనుమానం వస్తుంది కదా. నువ్వు వెళ్ళాక కొన్నాళ్ళు వదిలేసేదాన్ని. అది ధైర్యం తెచ్చుకునేది. పాఠం మొదలుపెట్టి, బాగా అందుకునేదాకా ఆగేదాన్ని. ఎవరైనా కొత్త విద్యార్థి అయితే ఇంకా మంచిది.

దాని పాఠాల కంపెనీవాళ్ళు పొద్దుటి క్లాసులు తీసేశారు. ఆ డాక్టరు మంచివాడే, చాలాకాలం ఓర్చుకున్నాడు, చివరికి వేరే టీచర్ని చూసుకున్నాడు. ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేనేమన్నానో చెప్పనా? “నీ చేతి గుణం ఏమో అమ్మాయ్. నువ్వు ముట్టుకున్నదేదీ నిలవదు” అన్నాను. నమ్మిందిరా! తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

ఇంకో రోజు, ఫాదర్ ఇల్లు దీవించడానికి వస్తే, ల్యాప్‌టాప్ మీద కూడా నాలుగు చుక్కలు తీర్థం చల్లించమన్నాను. సరదాకి అన్నాను. అది నిజంగానే రెండు చేతుల్లో పళ్ళెంలా పట్టుకుని ఆయన ముందు మోకరిల్లింది. ఫాదర్ కూడా చల్లాడు! ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ నేను మొహం కిందికి దించుకునే ఉన్నాను, నవ్వు కనబడుతుందని.

సరే. నువ్వు అడగాలనుకున్నది ఇది కాదు. నాకు తెలుసు.

తుఫాను రోజు సంగతి అడుగు. అడుగు, ఫర్లేదు.

నువ్వు ఇవాళ వచ్చింది అందుకే కదా. “అన్నా, పాఠాల మాట తర్వాత, ఆ రోజు ఎందుకు తెగిపోయిందో అది ఒక్కటీ కనిపెట్టి చెప్పు” అని నీ రిపేరు కొట్టుకొచ్చి అడిగిందట. నాకూ అదే చెప్పింది. కొత్త ల్యాప్‌టాప్ కొనకుండా పిసినారితనం చేశానని, తన వల్లే అయిందని, అదే పాట.

ఆ మధ్యాహ్నం సంగతి నీకు సగమే తెలుసు. సముద్రం అవతల సురిగావ్‌లో వాళ్ళమ్మకి ఆఖరి ఘడియలు. ఇది బయల్దేరదామంటే ఓడలు ఆపేశారు, విమానాలు లేవు. తమ్ముడు ఆస్పత్రిలో తల్లి మొహం ముందు ఫోను పట్టుకున్నాడు, ఇది ఇక్కడ ల్యాప్‌టాప్ ముందు. దీని ఫోను తెర పగిలి నీ కొట్లోనే పడుంది. ముక్క మనీలా నుంచి రావాలన్నావు. నువ్వు త్వరగా బాగుచేసి ఇచ్చుంటే... సరే, వదిలెయ్.

నేను కింద బట్టలు మడతపెడుతున్నాను. పైన మాటలు వినిపించాయి. ఏదో క్లాసు అనుకున్నాను. అందుకే నొక్కాను. క్లాసే అనుకున్నాను రా, ఒట్టు.

ఏంటి? తుఫాను రోజు క్లాసులు ఉండవా?

...

ఉండవు. నిజమే. కంపెనీవాళ్ళే సెలవిచ్చారు. పొద్దున అన్నం దగ్గర అదే చెప్పింది.

సరే, తెలుసు. తెలిసే నొక్కాను. చాలా? వాళ్ళ యాసలో మాట్లాడుతోంది, చిన్నపిల్లలా. “అమ్మా, ఇటు చూడవే. అమ్మా, నేనే, నీ నల్లపిల్లని.” అలా అంటోంది. ఏదో పాట కూడా మొదలెట్టింది, వాళ్ళమ్మ చిన్నప్పుడు పాడిందేమో. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదురా. నేను నిరుడు న్యుమోనియాతో పడుంటే మందు చెంచాతో పోసింది, దుప్పటి కప్పింది, “వేళకి వేసుకోండి ఆంటీ” అంది. నర్సులాగా. ఆ గొంతు దాని దగ్గర ఉందని కూడా నాకు తెలీదు. నా కొడుకు దగ్గర లేడు, నేను చచ్చేటప్పుడు నా మొహం దగ్గర ఎవరు పాడతారు? ఇదా?

వేలు దానంతటదే వెళ్ళింది.

పాట ఆగింది. పరుగు లేదు ఈసారి. ఒక్కసారి కేక. మెట్ల మీద పడుతూ లేస్తూ దిగొచ్చింది. “ఆంటీ, మీ ఫోను! ఒక్కసారి మీ ఫోను ఇవ్వండి! అమ్మ చూస్తోంది, కళ్ళు తెరిచింది!”

ఫోను నా ఒళ్ళో ఉంది. మడతపెట్టిన తువ్వాలు కింద.

“ఛార్జింగు లేదమ్మా. చచ్చిపోయింది” అన్నాను.

దాని మొహం... నువ్వు చూసుండవు అలాంటి మొహం. నా మాట మీద అనుమానం లేదు. కోపం లేదు. వానలో చెప్పుల్లేకుండా పరిగెత్తింది ఎదురింటి డెల్ఫిన్ వాళ్ళింటికి. గాలికి వాళ్ళు తలుపులన్నీ బిగించుకున్నారు, ఎంతసేపటికీ తియ్యలేదు. తలుపు బాదుతున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది. వాళ్ళు తెరిచి, ఫోను ఇచ్చి, తమ్ముడు ఎత్తేసరికి, ఆవిడ కళ్ళు మూసేశారు.

అది వీధి దాటుతుండగా నేను గుర్తు తీసేశానురా. తీసేశాను! పైన ల్యాప్‌టాప్‌లో మళ్ళీ కాల్ వచ్చింది. మోగుతూనే ఉంది. ఎత్తడానికి ఎవరూ లేరు. నేనా? నేనెక్కి ఎత్తి ఏం చెప్పను?

ఏడుస్తున్నావా? నీకెందుకురా ఏడుపు, నీ తల్లి బతికే ఉంది కదా.

మరి ఇవాళ ఎర్ర గుర్తు ఎందుకుందనే కదా నీ సందేహం. అంత జరిగాక కూడానా అని. విను. వాళ్ళమ్మ పోయాక అది సాయంత్రాలు కిందికి వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలెట్టింది. చింతచిగురు కోసిపెడుతుంది, నా కాళ్ళకి నూనె రాస్తుంది. ఒకరోజు “అమ్మా, ఉప్పు సరిపోయిందా చూడు” అంది. ఆంటీ అనలేదు. తనకే తెలీకుండా వచ్చేసింది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నిన్నటి నుంచి క్లాసులు మళ్ళీ మొదలు. మళ్ళీ పైకే కదా! తలుపేసుకుని ఆ జపానువాళ్ళకే కదా! వైఫై లేకపోతే కింద ఉంటుంది. నా దగ్గర. అంతే. దానిక్కూడా మంచిదే, ఒంటరిగా కూర్చుంటే ఏడుస్తుంది.

ఏంటి, లేస్తున్నావు? చెప్పేస్తావా? చెప్పు. నేను నీ కాళ్ళు పట్టుకోను. కానీ ఒక్కటి ఆలోచించుకో. దానికి ఒక అమ్మ పోయింది. ఉన్న ఈ ముసలిది ఆ పని చేసిందని చెప్పి, ఈ అమ్మని కూడా తీసేస్తావా? తీసి ఏం చేస్తుంది అది? మొగుడు సముద్రంలో, పుట్టిల్లు ఖాళీ.

ఆగు. మెట్ల మీద అడుగులు. అదే.

రా మారిఫె, రా తల్లీ. కాఫీ ఎందుకు తెచ్చావు, నేను పెట్టేదాన్ని కదా. రోడెల్ కనిపెట్టేశాడట. ఇదిగో, ఇప్పుడే చెప్తున్నాడు. చెప్పు నాయనా. ఆ రోజు ఎందుకు తెగిపోయిందో అడుగుతోంది పిల్ల. నా వైపు కాదు, దాని వైపు చూసి చెప్పు.

...

విన్నావా మారిఫె? లోపల వైఫై పట్టుకునే ముక్క అరిగిపోయిందట. తుఫానుకి కరెంటు ఎగుడుదిగుడై పూర్తిగా దెబ్బతిందట. కొత్తది వేస్తాడట. నీ తప్పేం లేదట. ఎవరి తప్పూ లేదు. ఇంక ఆ మాట మనసులో పెట్టుకోకు. పైకెళ్ళి మొహం కడుక్కో, కళ్ళు ఎలా ఉబ్బాయో చూడు.

వెళ్ళింది.

నీకు చేతులు జోడించి మరీ వెళ్ళింది, చూశావా? గుండె మీద బరువు తీసేశావట.

అలా తల దించుకోకురా. నేను కసి కొద్దీ చేశాను. నువ్వు ఆ అబద్ధం ఉత్తినే చెప్పావు. సంచీ సర్దుకో.