ఆ గదిలో ముగ్గురం

కెనడాలో, వాన్ అనే ఊళ్ళో ఒక ప్లాజా ముందు పార్కింగ్. శనివారం మధ్యాహ్నం. ఆగి ఉన్న కారులో, ముందు సీట్లలో ఝాన్సీలక్ష్మి, వంశీధర్.

"లోపలికెళ్ళి కూర్చుందామన్నాగా. కేంబ్రిడ్జ్ నుంచి బస్సులు మారి మారి వచ్చా. ఒక కాఫీ అయినా తాగేదాన్ని."

"వద్దులే ఝాన్సీ. ఇక్కడే చెప్పు. లోపల సగంమంది మనవాళ్ళే ఉంటారు."

"మనవాళ్ళంటే భయమా, వంశీధర్ గారూ?"

"గారూ ఏంటి కొత్తగా? అన్నా అనేదానివి."

"అప్పుడు అన్నగానే ఉన్నారు మరి."

"సరే, సరే. స్పందనకి ఏం చెప్పావు?"

"మీ ఆవిడకా? పాత పరిచయం, ఒక ఊరివాళ్ళం అని చెప్పా. మొన్న తెలుగువాళ్ళ పిక్నిక్‌లో నంబర్ ఇచ్చింది ఆవిడేగా. పాపం, ఇంటికి భోజనానికి రమ్మన్నారు కూడా."

"రావద్దు. అంటే... ఇప్పుడప్పుడే వద్దు. ఇంట్లో ఎవరికీ ఏం తెలీదు."

"ఏం తెలీదు?"

"అదే. అప్పటివి."

"అప్పటివంటే?"

"విషయానికి రా ఝాన్సీ. పాపని స్విమ్మింగ్ నుంచి పికప్ చేసుకోవాలి."

"సిటిజన్‌షిప్‌కి అప్లై చేశా. ఇంటర్వ్యూకి పిలిచి అరెస్టుల గురించి అడిగారు. ఇక్కడికొచ్చి శరణు కోరినప్పుడు రెఫ్యూజీ హియరింగ్‌లో చెప్పిందే మళ్ళీ చెప్పా. దానికి రికార్డేదీ అన్నారు."

"లేదని చెప్పు."

"చెప్పా. మన ఊరి పోలీస్ స్టేషన్‌కి రాస్తే, ఆ పేరుగల మనిషిని మేమెప్పుడూ తీసుకురాలేదని జవాబొచ్చింది. అదీ చూపించా. మా లాయర్ ఏమందంటే, అప్పుడు మీతోపాటు ఉన్నవాళ్ళెవరైనా ప్రమాణం చేసి ఒక అఫిడవిట్ ఇస్తే బలంగా ఉంటుందంది."

"నేనా?"

"ఇంకెవరున్నారు?"

"అది... అది అరెస్టు కాదు కదా. అరెస్టంటే ఎఫ్ఐఆర్ ఉండాలి. కోర్టులో ప్రొడ్యూస్ చేయాలి. మనల్ని పిలిచి మాట్లాడారంతే."

"పిలిచారా! బస్సులోంచి జుట్టు పట్టుకుని దించారు నన్ను."

"నేననేది, స్టేషన్లో కూడా పెట్టలేదుగా. ఫారెస్టు వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో..."

"ఓహో. గెస్టులమన్నమాట."

"వెటకారం వద్దు ఝాన్సీ."

"కిటికీలకి చెక్కలు కొట్టిన గెస్ట్‌హౌస్. కొండ తవ్వొద్దని మీటింగ్ పెట్టినందుకు మర్యాదలు. మైకు పట్టుకుంది మీరు. నేనూ మా తమ్ముడూ కరపత్రాలు పంచాం, అంతే."

"అసలు నువ్వెందుకు చెప్పావు ఇవన్నీ? అడిగితే లేదనేస్తే పోయేది. రికార్డే లేనప్పుడు ఎవడు పట్టుకుంటాడు? పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టేటప్పుడు, ఎప్పుడైనా నిర్బంధంలో ఉన్నారా అంటే నేను నో కొట్టా. వచ్చింది. సిటిజన్‌షిప్పూ వచ్చింది. ఇల్లు కొనుక్కున్నా."

"నో కొట్టావా?"

"అందరూ అదే చేస్తారు."

"ఎవరందరూ? ఆ గదిలో ఉన్నది మనం ముగ్గురమేగా."

"నువ్వు మరీ... లేదంటే నీకేం నష్టం?"

"లేదని వాళ్ళంటున్నారు అన్నా, నన్ను కొట్టినవాళ్ళు. నేనూ లేదంటే వాళ్ళదీ నాదీ ఒకటే మాటైపోదూ?"

"మాటలు బానే ఉంటాయి. మీటింగుల్లో నేనూ చెప్పేవాణ్ణి ఇలాంటివి."

"వినే వచ్చాం మేం. సరే, నా సంగతి వదిలెయ్. నాకు ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. తారక్ సంగతి చెప్పు. నన్ను బయటికి గెంటేసి వాణ్ణి ఉంచేశారు. మళ్ళీ కనపడలేదు. అడిగితే, అసలు మాకు దొరకనేలేదు, అడవిలోకి పారిపోయాడన్నారు. మా అమ్మ పోయేదాకా అదే మాట. నా తమ్ముడు ఆ గదిలో ఉన్నాడని ఒక్క ముక్క చెప్పు. ఎక్కడైనా, ఏదో ఒక కాగితం మీద, వాడు ఉన్నాడని ఉండాలిగా."

"నాకు సరిగ్గా గుర్తులేదు."

"నీ పక్కనే ఉన్నాడు."

"చీకటి కదా. ఎవరు ఎక్కడున్నారో..."

"పక్కనే ఉన్నాడన్నా. నీ భుజం మీద తల పెట్టుకుని."

"గుర్తులేదంటున్నాగా! ఎన్నేళ్ళయింది? ఆ దెబ్బలకి నాకే ఒళ్ళు తెలీలేదు. వాడు నీళ్ళు నీళ్ళు అని ఒకటే కలవరిస్తుంటే ఎవడికి... అయ్యో, ఏడవకు. ప్లీజ్. ఎవరైనా చూస్తారు."

"ఏడవట్లేదు. నీళ్ళడిగాడని గుర్తుందిగా. అది చాలు. అదే రాసివ్వు."

"ఎలా రాస్తాను? రాస్తే నేనూ అక్కడున్నట్టేగా! నో అని సంతకం పెట్టినవాణ్ణి. అబద్ధం చెప్పి తెచ్చుకున్నావని సిటిజన్‌షిప్ లాగేసుకుంటారు. ఉద్యోగం పోతుంది. స్పందన, పిల్లలు... వాళ్ళేం చేశారు చెప్పు?"

"తారక్ ఏం చేశాడు?"

"అలా మాట్లాడకు."

"నిన్ను తెల్లారుతుండగా జీపెక్కించారు. ఎక్కడికి తీసుకెళ్ళారు?"

"ఎక్కడికీ లేదు. మా పెదనాన్న ఎవర్నో పట్టుకున్నాడట. మెయిన్ రోడ్డు మీద దింపి, వెనక్కి చూడకుండా పో అన్నారు. పోయా. ఇంట్లోవాళ్ళని కూడా అప్పటికప్పుడు హైదరాబాద్ తీసుకొచ్చేశాడు పెదనాన్న. అక్కణ్ణించి అమెరికా. తర్వాత ఇక్కడ."

"మేమిద్దరం ఇంకా లోపలే ఉన్నామని పెదనాన్నకి చెప్పావా? చెప్పావా అన్నా?"

"నా వయసెంత అప్పుడు? చెబితే నన్ను మళ్ళీ... నువ్వు మాత్రం? ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారైనా వెతికావా?"

"లేదు."

"చూశావా! ఫేస్‌బుక్‌లోనే ఉన్నా నేను. నువ్వూ అంతా మర్చిపోదామనే అనుకున్నావు. అనుకోవాలి కూడా. తప్పేం లేదు."

"వెతికే పనుందనుకోలేదు."

"సరే, ఏదైతే ఏం. ఒక్క మాటివ్వు ఝాన్సీ. నీకు దండం పెడతా. నా పేరు ఎక్కడా రానివ్వకు. లాయర్‌కి కూడా చెప్పకు."

"నీ పేరు వాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది."

"ఏంటీ?"

"రెఫ్యూజీ హియరింగ్‌లో చెప్పా. ఇంటిపేరుతో సహా."

"ఏమని? కెనడాలో ఉన్నానని చెప్పావా? వాన్‌లో ఉన్నానని..."

"నువ్విక్కడ ఉన్నావని పిక్నిక్ దాకా నాకేం తెలుసు? మైకులో నీ పేరు పిలిస్తే, ఎవరో అదే పేరుగలాయన అనుకున్నా. నువ్వు లేచి వస్తుంటే నా చేతిలో ప్లేటు కింద పడిపోయింది."

"మరి ఏమని చెప్పావు?"

"నిన్ను జీపెక్కించాక తుపాకి పేలింది."

"అది గాల్లోకి పేల్చారు. నన్ను బెదిరించడానికి."

"మాకెలా తెలుస్తుంది? కాసేపటికి తలుపు తీసి, మీ అన్న పని అయిపోయింది, ఇక మీ వంతు అన్నారు. బయటపడ్డాక మీ ఇంటికెళితే తాళం. ఎక్కడికెళ్ళారో ఎవరికీ తెలీదు. నిన్ను చంపేశారని చెప్పా అన్నా. ప్రమాణం చేసి చెప్పా. నమ్మారు. నన్ను ఇక్కడ ఉండనిచ్చింది అందుకు కూడా."

"చంపేశారని..."

"ఏటా ఆ రోజున తారక్‌కీ నీకూ కలిపి అన్నం పెట్టి పక్కనుంచుతున్నా."

"అంటే అక్కడ... అఫీషియల్‌గా నేను పోయినట్టే ఉందా?"

"ఉంది. ఇప్పుడు నేనే వెళ్ళి, కాదు, బతికే ఉన్నాడని చెప్పాలి. చెబితే మొత్తం కట్టుకథంటారేమో. నిన్ను చూశాక కూడా చెప్పకపోతే ఇక నాది అబద్ధమే. నువ్వొచ్చి జరిగింది జరిగినట్టు చెప్తే తప్ప నాకు వేరే దారి..."

"ఝాన్సీ."

"చెప్పన్నా."

"చెప్పొద్దు. చచ్చిపోయినట్టే ఉండనీ నన్ను."