వాగు గట్టున తెల్లపూలు

డుంబ్రిగుడ పైన అడవిలో, వాగు గట్టు పొడుగునా గోతులు చూసి బోటనీ లెక్చరర్ నిలబడిపోయింది. వెంట వచ్చిన కొండ పెద్దమ్మ పక్కనే రాయి మీద చతికిలబడింది.

“పెద్దమ్మా, తెల్లపూల మొక్కలేవీ?”

“తవ్వుకుపోనారమ్మా. వ్యానేసుకొచ్చి, ఏళ్లతో సహా లాగేసినారు.”

“ఈ చోటు వాళ్లకెవరు చూపించారు?”

“ఎవులూ సూపించనేదు. ఫోను సూసుకుంటా సరాసరి ఇక్కడికే వచ్చినారు. దారెలాగ తెలిసింది బాబూ అనడిగితే ఫొటో సూపించినారు. అందులో కొమ్మ వంచి పట్టుకున్న సెయ్యి నాదే.”

ఆ ఫొటో తీసింది లెక్చరరే. అరుదైన మొక్క దొరికిందన్న సంబరంలో, మ్యాప్‌లో చోటు గుర్తుతో సహా నెట్‌లో పెట్టిందీ తనే.

“అది నేను పెట్టిన ఫొటోనే పెద్దమ్మా. తప్పు నాదే.”

“తెలుసు. నీకు తప్ప ఇంకెవులికీ నేను సూపించనేదు కదా.”

“మరి నన్ను తిట్టవేం?”

“తిడితే మళ్లీ మొలుత్తాయేటి?”

లెక్చరర్ ఒక గోతి దగ్గర వంగి, మట్టిలో వేరు ముక్కైనా మిగిలిందేమోనని వెతికింది.

“ఇంకెక్కడైనా ఉన్నాయా? ఒక్కటైనా?”

“ఇంకెక్కడా నేవు తల్లీ,” అంది పెద్దమ్మ. అంటూండగానే ఆమె చూపు ఒక్క క్షణం పై కొండ మీదికి వెళ్లి వచ్చింది.

లెక్చరర్ అది గమనించింది. అటు తల తిప్పకుండా, వచ్చిన దారినే కిందికి దిగింది.