బాల్కనీ లేని గది

ఓడ ప్రయాణాల టికెట్లు అమ్మే ఆఫీసు. బల్లకు అటువైపు ఆఫీసావిడ, ఇటువైపు భార్యాభర్తలు. వెనక గాజు తలుపు. దాని అవతల, ముందు గదిలో, చేపల తొట్టి దగ్గర వాళ్ల పిల్లలిద్దరు: తొమ్మిదేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు. తల్లి మాటిమాటికీ మెడ తిప్పి అటే చూస్తోంది.

"...అందుకే అంటున్నా సార్, ఆ పెద్ద ఓడ మీకు పనికిరాదు. నీళ్ల జారుడుబండలు, అరుపులు, పరుగులు. పిల్లలకి పండగే గానీ పెద్దవాళ్లకి తలనొప్పి. తిరిగొచ్చాక అలసట తీర్చుకోడానికి మళ్లీ సెలవు పెట్టాలి."

"చూశావా, నేను చెప్పలా? మాకు కాస్త దర్జా ఉన్న ఓడ కావాలండీ. అలాగని పిల్లలు నోరు మూసుకుని కూర్చునే చోటు కాకూడదు."

"అయితే ఇది చూడండి. చిన్న ఓడ. భోజనానికి వెళ్తే కుర్చీ కూడా వాళ్లే జరిపి కూర్చోబెడతారు. కాకపోతే పిల్లలకంటూ ఏమీ ఉండదు. రెండో రోజుకే మీవాళ్లు ఇంటికెళ్దామని రాగం అందుకుంటారు."

"అందులో జనం తక్కువ ఉంటారా అండీ?"

"బాగా తక్కువ మేడమ్. వరండాల్లో మనిషి అలికిడే ఉండదు."

"అయితే వద్దండీ."

"అదేంటి మేడమ్, అందరూ అదే కావాలంటారు. ప్రశాంతంగా..."

"నాకు ప్రశాంతం వద్దండీ. ఎటు చూసినా మనుషులు కనిపిస్తూ ఉండాలి."

"మా ఆవిడకి ఈమధ్య ఖాళీ చోటంటే పడదు లెండి. మధ్యరకం ఏదైనా చూపించండి."

"ఉంది సార్. నన్నడిగితే మీకు ఇదే. సగం ఓడ పిల్లలది, సగం పెద్దలది. పై అంతస్తులో వెనకవైపు ఓ ఈతకొలను ఉంటుంది. అక్కడికి పిల్లల్ని రానివ్వరు. పుస్తకం ముఖాన కప్పుకుని హాయిగా పడుకోవచ్చు. ఆ టైములో పిల్లలు వాళ్ల క్లబ్బులో ఉంటారు. ఆటలు, బొమ్మలు, రొట్టెలు కాల్చడం కూడా నేర్పిస్తారు. మా అక్క పిల్లలు పోయిన సెలవుల్లో వెళ్లొచ్చారు, ఇప్పటికీ ఇంట్లో ఆ కబుర్లే."

"అందర్నీ ఒకే గదిలో ఉంచుతారా?"

"లేదు మేడమ్, వయసుల వారీగా. పాప చిన్నవాళ్ల గదిలో, బాబు పెద్దవాళ్ల గదిలో. అన్నాచెల్లెళ్లు కదా, కలిపి ఉంచమంటే ఉంచుతారు. నేను రాసి పెడతా..."

"వద్దు."

"ఇబ్బందేం లేదు మేడమ్, ఒక్క మాట రాస్తే..."

"కలపొద్దండీ. వేరుగానే ఉండాలి. ఆ రెండు గదుల మధ్య తలుపు ఉంటుందా?"

"తలుపా? ఉంటుంది... ఉంటుందనే అనుకుంటున్నా. కనుక్కుని చెబుతా."

"తోబుట్టువులు కదండీ, కొట్టుకుంటారని ఆవిడ భయం. మీ ఇంట్లో కొట్టుకోరా ఏంటి?"

"మావాళ్ల సంగతి అడక్కండి సార్. టీవీ రిమోట్ కోసం తలకాయలు పగలగొట్టుకుంటారు... ఏమైంది మేడమ్? మంచినీళ్లు తెమ్మంటారా?"

"ఏం లేదండీ. మీరు చెప్పండి."

"మీ పిల్లలు అలా లేరే. ఇందాకట్నుంచీ చూస్తున్నా, మీ బాబు చెల్లెలి చెయ్యి ఒక్క క్షణం వదిలితే కదా. ముచ్చటేస్తోంది."

"అవునండీ. వదలడు. ఇంట్లోనూ అంతే."

"అన్నయ్య అంటే అలా ఉండాలి సార్."

"ఆ క్లబ్బులోంచి పిల్లల్ని ఎవరు పడితే వాళ్లు తీసుకెళ్లొచ్చా అండీ?"

"ఆ బెంగే వద్దు మేడమ్. ఎక్కిన రోజే గుమ్మం దగ్గర పేర్లు రాసుకుంటారు. ఆ పేరున్న మనిషికే పిల్లల్ని అప్పగిస్తారు. పేరు లేకపోతే సొంత తాతగారొచ్చినా సరే, బయటే నిలబెడతారు."

"మరి పిల్లలు వాళ్లంతట వాళ్లు ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లడానికి?"

"నువ్వు ఆగుతావా? జైలు గురించి అడిగినట్టు అడుగుతున్నావు. మీరు ఏమనుకోకండి. పిల్లల్ని పిరికివాళ్లలా పెంచకూడదని నేను, అడుగు తీసి అడుగు వేయనివ్వకూడదని ఈవిడ. మా ఇంట్లో రోజూ ఇదే."

"మా ఇంట్లో తిరగేసి సార్. భయం ఆయనది, ధైర్యం నాది."

"మా నాన్న నన్ను ఒక్కనాడు ఎత్తుకున్న పాపాన పోలేదండీ. అందుకే నేను ఇంట్లో అడుగుపెడితే చాలు, పిల్లలకి ఆటబొమ్మనైపోతా. ఏనుగునంటే ఏనుగుని, ఎలుగుబంటినంటే ఎలుగుబంటిని."

"అదృష్టవంతులు మీ పిల్లలు. ఇక గది సంగతి చూద్దామా?"

"గదికి ఆలోచనేముంది? బాల్కనీ ఉన్నది. వెనకవైపు, పెద్దది."

"బాల్కనీ వద్దండీ."

"మళ్లీ మొదలుపెట్టావా?"

"వద్దండీ."

"కటకటాలు నా ఛాతీ దాకా ఉంటాయి మేడమ్. సందుల్లో పిల్లల తల కూడా పట్టదు. తలుపు గడియ కూడా పైన ఉంటుంది, పాపకి అందదు."

"పాపకి అందదు. వాడికి అందుతుందిగా?"

"బాబుకా? కుర్చీ వేసుకుంటే..."

"కుర్చీ వేసుకుంటే అందుతుంది. తెరుచుకోని కిటికీ ఉన్న గది లేదా?"

"ఉంది మేడమ్. పెద్ద అద్దం, బిగించేసి ఉంటుంది. సముద్రం కనిపిస్తుంది గానీ గాలి రాదు."

"అది చాలు."

"ఏం చాలు? సముద్రం మీదికెళ్లి అద్దంలోంచి చూడాలా? దానికైతే ఇంట్లో టీవీ పెట్టుకుంటే సరిపోయె. పొద్దున్నే చిన్నదాన్ని ఎత్తుకుని అలలు చూపించాలని నాకుంటుందా ఉండదా?"

"సార్, మేడమ్, ఓ పని చేద్దాం. రెండు రకాల గదుల పటాలూ ప్రింట్ తీసి తెస్తా. ప్రింటర్ ముందు గదిలో ఉంది. ఈలోపు మీరిద్దరూ ఓ మాట అనుకోండి. పనిలో పని, పిల్లలకి ఓడ బొమ్మ ఇచ్చి రంగులు వేయమంటా."

ఆఫీసావిడ ముందు గదిలోకి వెళ్లింది. గాజు తలుపు మూసుకుంది.

"ఏంటది, పరాయి మనిషి ముందు? కుర్చీ వేసుకుంటే, తలుపు ఉంటుందా... ఆవిడ ఏమనుకుంటుంది?"

"ఏమైనా అనుకోనీండి."

"డాక్టరమ్మ ఏం చెప్పింది? జరిగింది మళ్లీ మళ్లీ తవ్వొద్దందా లేదా?"

"మీకు తవ్వుకోవాల్సిన పనేముంది, మీరు అక్కడే ఉన్నారు. నేను లేను. ఆఫీసులో ఉన్నా. ఫోనొచ్చేసరికి పిల్ల ఆసుపత్రిలో ఉంది. రోజుకో రకంగా ఊహించుకుని చచ్చేది నేను."

"ఊహించుకోడానికేముంది? చెప్పాగా. నేను హాల్లో ఫోన్లో ఉన్నా. తిరిగి చూసేసరికి అది బాల్కనీ గోడ మీద, వాడు పక్కన కుర్చీ మీద. తోశాడు. కావాలని తోశాడని నేనన్నానా? ఆటలో తోశాడు. పిల్లలన్నాక తోసుకుంటారు."

"పోయినసారి చెప్పినప్పుడు వాడు కింద నిలబడ్డాడన్నారు."

"కిందో, మీదో. ఆ కంగారులో నేను టేపు పెట్టి కొలుస్తానా?"

"వాడు తోయలేదన్నాడు."

"ఒక్కసారి అన్నాడు. మళ్లీ ఎందుకనలేదు? నిజమైతే గొంతు చించుకుని అరవడూ?"

"ఆ తర్వాత వాడు ఏదీ అనట్లేదండీ. ఆకలేస్తోందనడు. బడి కబుర్లు చెప్పడు. పక్కన కూర్చుంటే నా మొహం వంకే చూస్తాడు, నాకేదో అయిపోతుందన్నట్టు. ఏంట్రా అంటే లేచి వెళ్లిపోతాడు."

"తప్పు చేసినవాడు అలాగే చూస్తాడు."

"వాడు నా కొడుకండీ."

"నాకు కాదా? నాకు లేదా బాధ? కింద పూలమొక్కలుండబట్టి కాలు విరగడంతో పోయింది. అదే రెండో వైపు పడుంటే? దానికేమీ గుర్తులేదు, అదొక్కటే మన అదృష్టం."

"మొన్న మీరు చూశారో లేదో. దాన్ని ఎత్తుకుందామని మీరు వంగితే వాడు మధ్యలోకొచ్చి నిలబడ్డాడు. మిమ్మల్ని ఒక చూపు చూశాడు. తొమ్మిదేళ్ల పిల్లాడి చూపు కాదది."

"అదే నేను మొత్తుకునేది. దాని మీద పెత్తనం వాడికి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. తనకి దక్కంది ఎవరికీ దక్కకూడదనే రకం."

"వాడి పక్కన దాన్ని పడుకోబెట్టాలంటే భయమేస్తోంది. కన్నతల్లిని. ఈ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందండీ?"

"మంచి తల్లివి కాబట్టే వచ్చింది. ఇటు చూడు. ఈ ప్రయాణం సరదాగా తిరిగొద్దాం. వాడు అడిగిందల్లా కొనిపెడదాం. వచ్చాక హాస్టల్లో వేసేద్దాం. నేను మాట్లాడేశా."

"మాట్లాడేశారా? నాతో ఒక్క మాట అనకుండా?"

"అంటే ఏడుస్తావు. కొండ మీద బడి, మంచి గాలి, తనలాంటి పిల్లలు. సెలవులకి వస్తాడు. అక్కడ తిన్నగా అవుతాడు."

"వాడికి తెలుసా?"

"ఓడలో చెబుదాం. బాగా ఆడి, నవ్వుతూ ఉన్నప్పుడు."

"నవ్వి ఎన్నాళ్లైందని?"

"నవ్విస్తా. నాకు వదిలెయ్."

"వాడు ఇంట్లో లేకపోతే చిన్నదానికి ఇంకే ప్రమాదం లేనట్టేనా?"

"నేనుండగా దానికి ప్రమాదమేంటి? చంక దించను."

"సరే అయితే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. పంపించేద్దాం. నా మనసు మారకముందే ఆ పనేదో చేసేయండి. కానీ బాల్కనీ మాత్రం వద్దు."

"నీ మాటే కానీ. తెరుచుకోని కిటికీయే తీసుకుందాం. కళ్లు తుడుచుకో, ఆవిడ వచ్చేస్తోంది."

తలుపు తెరుచుకుంది.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి. మీ బాబుతో కబుర్లలో పడిపోయా."

"మావాడితోనా? వాడు మాట్లాడాడా?"

"ముందు మాట్లాడలేదు మేడమ్. పాప రంగులు వేస్తుంటే తను నా చేతిలో పటం వంక చూస్తూ నిలబడ్డాడు. పిల్లల క్లబ్బు ఎక్కడో చూపించా. గుమ్మం దగ్గర పేర్లు చూస్తారని చెప్పగానే ఇక ఒకటే ప్రశ్నలు. అచ్చం మీ పోలికే, జాగ్రత్త మనిషి."

"ఏమడిగాడు?"

"అమ్మ పేరు ఒక్కటే రాయిస్తే సరిపోతుందా అన్నాడు."

"అమ్మకూచి లెండి వాడు. ఆ పటం ఇటివ్వండి. కిటికీ గదే ఖాయం చేసేద్దాం. నేనెళ్లి పిల్లల్ని కార్లో కూర్చోబెడతా."

"అమ్మ పేరు ఒక్కటే ఎందుకట?"

"ఆవిడకి వేరే పనులుండవా? ఇంటికెళ్లి వాణ్ణే అడుగుదువు గానీ పద."

"ఏమండీ, మీరు కాసేపు ఊరుకోండి. నేను ఈవిడని అడుగుతున్నా. ఎందుకట?"

"నేను ఊరికే నవ్వులాటకి అడిగా మేడమ్. వాడు చెప్పింది విన్నాక... మీ ఇంటి విషయం, నేను కల్పించుకోవచ్చో లేదో తెలీలేదు. అందుకే అక్కడే కాసేపు నిలబడిపోయా. సార్, మీరు కూర్చోండి. పిల్లల దగ్గర మా వాచ్‌మన్‌ని ఉంచి వచ్చా."

"చెప్పండి. ఆయన్ని చూడకండి. నన్ను చూసి చెప్పండి."

"నాన్న పేరు రాస్తే చెల్లిని తీసుకెళ్లి మళ్లీ గోడ మీద నిలబెడతారు అన్నాడు మేడమ్. నిలబెట్టి, ఎంతసేపు భయపడకుండా ఉంటారో చూద్దామని చేతులు వదిలేస్తారట. ఇంతకుముందు వాణ్ణి నిలబెట్టేవారట. ఆ రోజు పాప వంతు. పడిపోతుంటే వాడు గౌను పట్టుకున్నాడట. గౌను చిరిగి చేతిలోకి వచ్చేసిందట."

"ఏంటండీ ఇది, తొమ్మిదేళ్ల వెధవ ఏదో కట్టుకథ అల్లితే మీరు..."

"నోరు ముయ్యండి. గౌను చిరిగింది నిజం, నేను చూశాను. ఆసుపత్రిలో చింపారనుకున్నా. నాకు చెప్పలేదండీ వాడు. ఇన్నాళ్లూ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగా, తిట్టి అడిగా, కొట్టి అడిగా. ముక్కూ మొహం తెలియని మీకెలా చెప్పాడు?"

"నేనూ అదే అడిగా మేడమ్. వాళ్ల నాన్న మీ మీద ఒట్టు వేయించుకున్నారట. ఇంట్లోవాళ్లకి ఎవరికి చెప్పినా అమ్మ చచ్చిపోతుందన్నారట. 'మీరు మా ఇంట్లోవాళ్లు కాదు కదా ఆంటీ, మీకు చెబితే మా అమ్మకి ఏమీ కాదు కదా' అన్నాడు."