వేళగాని వేళ మోగిన గంట

అమ్మలారా, అయ్యలారా, ఆండర్సన్‌పేట నుంచి, కోరమండల్ నుంచి పని మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. మన బంగారు గనులు మూతపడ్డాక ఈ హాలులో పెళ్ళిళ్ళకన్నా ఇలాంటి సభలే ఎక్కువయ్యాయి. మాట్లాడే ఓపిక నాకూ తగ్గింది. కానీ పోయింది డాక్టర్ మధురమ్మ. ఇన్నేళ్ళు ఆమె పక్కన నర్సుగా నిలబడిన ఈ నాగరత్న నోరు మెదపకపోతే ఎలా?

మన ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళకు ఏమైనా ఒకటే మాట: వేడి. కాళ్ళు వాచినా వేడే, తల పగిలిపోతున్నా వేడే. సొన్నమ్మ తన కోడలికి బార్లీ నీళ్ళు, మజ్జిగ పోసి పోసి, ముఖం కూడా ఉబ్బాక తీసుకొచ్చింది. ఇంకొకరైతే కసిరేవారు. మధురమ్మ ఆ మాటనే పట్టుకుంది. "వేడి నిజమేనమ్మా, లోపల మంట ఉండాది. వేళకు ఉంటే మేలే. మీ ఇంటాయన గనిలో మనుషులెక్కే బోనును దించేదానికి, ఎత్తేదానికి గంట కొట్టినాడు కదా? ఆ గంట వేళగాని వేళ మోగితే ఏమైతుంది?"

మనుషులు ఎక్కుతుండగానే బోను కదిలిపోతుందని సొన్నమ్మకు వేరే చెప్పాలా?

ఒంట్లో కాపలా కాసే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయని, ఆ కబురే గంట అని, దానికి లేచేదే లోపలి మంట అని ఆమె చెప్పేది. బిడ్డ గర్భంలో కుదురుకునేటప్పుడు ఆ మంట కొంత కావాలి. తర్వాత అణగాలి. కాన్పు వేళకు మళ్ళీ లేవాలి. నడుమ లేచిందా, బీపీ పెరగవచ్చు, నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. ఎందుకు లేస్తుందో అన్నిసార్లూ తనకూ తెలియదనేది. ఆ కోడలు బతికింది. సొన్నమ్మ భర్త మారప్ప అప్పటినుంచి వాచిన ముఖం ఎక్కడ కనబడినా, "గంట మోగుతాండాది, పద తల్లీ" అని ఆటో ఎక్కించేవాడు.

అందరూ బతకలేదు. కామసముద్రం నుంచి ఒక అమ్మాయిని ఆలస్యంగా తెచ్చారు. తలనొప్పి అంటే ఇంట్లోవాళ్ళు పడుకోమన్నారట. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. మధురమ్మ ఎవరినీ తిట్టలేదు. చేతులు కడుక్కుంటూ, "గంట మోగింది నాగరత్నా, విన్నోళ్ళే లేరు" అంది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇప్పుడు వినేవాళ్ళెవరు? వచ్చే మంగళవారం, కడుపుతో ఉన్నవాళ్ళను చూసే రోజున, ఆమె గది తలుపు తీసేదెవరు? కొత్త డాక్టరు వస్తారో రారో నాకు తెలియదు. నేను అలసిపోయాను. అయినా తలుపు తీస్తాను, బీపీ చూస్తాను, ఎక్కువుంటే కోలారు పెద్దాసుపత్రికి పంపిస్తాను. మీరు చేయాల్సింది ఒకటే. కోడలు తల నొస్తోందంటే, మజ్జిగ గ్లాసు పక్కనపెట్టి నా దగ్గరికి పంపించండి.

ఇక ఆమె కోసం కాసేపు మౌనంగా ఉందాం. అందరూ లేచి నిలబడండి. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రం కూర్చోండమ్మా. ఆమె ఉండి ఉంటే మిమ్మల్ని నిలబడనిచ్చేది కాదు.